వదిన నిలబడ్డ చోటు

మా వదిన విమానం దిగిన రోజున మా అబ్బాయి డెంజిల్ కారును విమానాశ్రయం కంచె పక్కన ఆపి, తాళంచెవి ముందు టైరు మీద పెట్టి, పెట్రోలు పీపాల షెడ్డు వెనక్కి పోయి అటు తిరిగి కూర్చున్నాడు. నన్నూ మా కోడలు రోలీన్‌నీ అంతదూరం తెచ్చింది వాడే. కానీ తిరుగు ప్రయాణంలో ఆ బండి ఎక్కడు. వదిన వాడి అత్త, రోలీన్‌కి తల్లి. అల్లుడు అత్త మొహం చూడకూడదు, ఆమె మాట చెవిన పడే దూరంలో ఉండకూడదు, ఒక కప్పు కింద కూర్చోకూడదు. కనుక ఇంటిదాకా రోలీన్ నడపాలి, వాడు తర్వాత ఎవరి బండో పట్టుకుని చేరాలి. వాళ్ళ పెళ్ళయిన ఇరవయ్యేళ్ళుగా ఇలాగే జరుగుతోంది. మాకందులో వింతేమీ లేదు.

వదిన మెట్లు దిగింది. మా అన్న ఉన్నన్నాళ్ళూ పుష్టిగా ఉండేది. మూడేళ్ళు పెర్త్ నగరంలో ఉండి మనిషి సగమైంది. రక్తం కడిగే మిషన్ సూదులకి ఎడమ చేతి మీద నరం తాడులా ఉబ్బి ఉంది. నన్ను వాటేసుకుంటుందని చేతులు చాచాను. ఆమె కారు తలుపు దగ్గర ఎర్రమట్టిలో వాడి అడుగుల మీదికి వంగి చూస్తోంది.

"చెప్పులు మార్చాడే," అంది. "కుడి మడమ ఇంకా ఈడుస్తున్నాడు. ఆ మోకాలు చూపించుకోమని చెప్పలేకపోయావా వదినా?"

"నేను చెప్తే వింటాడా? నువ్వు చెప్పాలి."

"ఆ, చెప్తా. నోటితో కుదరదుగా, కట్టె తీసుకుని చెప్తా."

రోలీన్ నవ్వింది. షెడ్డు వెనక కూర్చున్న వాడికి ఆ నవ్వు వినిపించే ఉంటుంది.

ఆ ఏడు తుపాను నెలలు మొదలవడానికి ముందు మా ఊరు ఉప్పుకట్టకి కిడ్నీ లారీ వచ్చింది. లారీలో రెండు కుర్చీలు, రెండు మిషన్లు, ఒక నర్సు. డయాలసిస్ కోసం నగరానికి పంపేసిన మా వాళ్ళు కొన్నాళ్ళు సొంత ఊళ్ళో ఉండి పోయేందుకు అది ఆస్ట్రేలియా పడమటి కొసన మా పిల్బరా తీరం వెంట తిరుగుతుంది. వదిన పుట్టిన చోటికే చుట్టపుచూపుగా వచ్చింది. మా ఇల్లు ఉప్పు మళ్ళకీ మడ అడవికీ మధ్యన ఉంటుంది. పెద్ద రేవు అక్కడికి దగ్గరే. గాలి అటునుంచి వీస్తే ఇనుప ఖనిజం దుమ్ము దండెం మీది బట్టల్ని ఎర్రగా చేస్తుంది. సముద్రం మీద ఓడలు వంతు కోసం బారులు తీరి ఉంటాయి.

ఇల్లు చేరగానే వదిన మడ కాలువలోకి మోకాళ్ళ దాకా దిగి, పుక్కిట నీళ్ళు పట్టి గాలిలోకి ఊసింది. చాన్నాళ్ళకి వచ్చినవాళ్ళు అలా పిలిచి చెప్పుకోకపోతే అక్కడ తిరిగే, ఎప్పుడో పోయిన పెద్దలు గుర్తుపట్టరు, జబ్బు చేస్తుంది.

"వచ్చాను! నేనే!" అని అరిచింది. "మందుల వాసన కొడుతున్నానని అనుమానపడకండి. లోపల నేనే!"

ఆ లారీ ఉన్న వారాలు మా ఇంట్లో ఎంత సందడని! డెంజిల్‌కి కూడా కిడ్నీలు పోయి ఏడాది అయింది. వాడికి రేవు ఆస్పత్రిలో కుర్చీ ఉంది. మిషన్ లేని రోజుల్లో వేటకి పోయి ఉడుమో, పీతలో, కంగారూ తోకో తెచ్చి వెనక వాకిట్లో నీళ్ళ ట్యాంకు దగ్గర పెట్టేవాడు. అత్తకి మాంసం పంపడం అల్లుడి పని. ట్యాంకు పక్కన వాడికొక పాత ఇనుప కుర్చీ ఉంది. వదిన ముందు వసారాలో ఉంటే వాడు అక్కడ ట్యాంకు వైపు తిరిగి కూర్చునేవాడు. మూల మలుపు తిరగాల్సి వస్తే ముందుగా తాళాల గుత్తి గలగలమనిపించేవాడు. నేను మధ్యలో తిరిగేదాన్ని.

"ఈ పీత ఏ కాలువలోదో అడుగు," అనేది వదిన.

"పాత పడవల రేవు దగ్గరిదని చెప్పు," అనేవాడు వాడు.

"డాక్టరు ఒక్క కాలు తినమన్నాడు. ఏ సైజు కాలో చెప్పలేదుగా. ఉన్నవాట్లో పెద్దది ఇటు పడెయ్."

నేను చిన్నప్పటినుంచీ పిరికిదాన్ని. మా నల్లవాళ్ళ పిల్లల్ని పట్టుకుపోయే ప్రభుత్వం కారు వచ్చి మా అక్కని ఎక్కించుకుపోయిన నాటినుంచి, కారు తలుపు మూసిన చప్పుడు వింటే చాలు, చుట్టూ ఎవరున్నారో ఎవరు లేరో చూసుకుంటాను. సంతోషంగా ఉన్న రోజుల్లో ఆ గుబులు ఇంకా ఎక్కువ. లారీ వాళ్ళు ఒకనాడు గొట్టాలు విప్పి చుట్టలు చుట్టడం చూడగానే టీ గిన్నె కింద పెట్టి మావాళ్ళు ఎవరెక్కడున్నారో లెక్కపెట్టుకున్నాను.

వదిన వసారా మెట్టు మీద కూర్చుని వాళ్ళనే చూస్తోంది.

"నేను ఎక్కను," అంది.

"ఏది?" అంది రోలీన్.

"విమానం."

"జోకులొద్దమ్మా. రేపే టికెట్టు."

"ఆ టికెట్టు మీద నువ్వెళ్ళు. అక్కడ నా గదికి ఒకటే కిటికీ. తీస్తే ఎదురుగా ఇటుక గోడ. మూడేళ్ళు దాన్నే చూశా. ఒక్కో ఇటుకకి మన చుట్టాల పేర్లు పెట్టుకున్నా. అన్నిటికీ సెలవు చెప్పేసి వచ్చాలే."

"మిషన్ లేకపోతే ఎన్నాళ్ళుంటావనుకుంటున్నావ్?"

"ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు. ఇక్కడే."

రోలీన్ నా వైపు చూసింది. నేను బడి మొహం చూడలేదు. దొరల గొర్రెల ఫారం వంటింట్లో పిండి సంచుల మీదా టీ డబ్బాల మీదా అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. చదువు వచ్చినందువల్ల అందరికంటే ముందుగా భయపడటం అలవాటైంది. రక్తం కడగకపోతే ఏమవుతుందో ఆస్పత్రి వాళ్ళిచ్చిన పుస్తకంలో చదివాను. ఒంట్లో నీరు ముందు కాళ్ళలోకి దిగుతుంది, తర్వాత ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. పొడి నేల మీద కూర్చునే మనిషి మునిగిపోతుంది.

మర్నాడు విమానం వదిన లేకుండానే పోయింది. మేం రేవు ఆస్పత్రికి పరిగెత్తాం.

డయాలసిస్ గదికి పెద్ద సిస్టర్ పేరు తెండాయి, జింబాబ్వే మనిషి. తల మీద జడలు ముడివేసుకుని, ఎవరు ఎంత అరిచినా గొంతు పెంచకుండా మాట్లాడుతుంది.

"చోటుంది ఆంటీ," అంది నాతో. ఎవరి చోటో అనలేదు, మేమూ అడగలేదు. ఎగువ ఊరి పెద్దాయన పోయాక ఆ కుర్చీని మేమే ఆకు పొగతో శుద్ధి చేశాం. పొగకి గంట మోగి, ఫైరింజన్ వచ్చి, అందరం తిట్లు తిన్నాం. "చోటుంది కానీ, ఒక్క పూటే నడుపుతున్నా. నాతో ఉన్న సిస్టర్ మానేసి వెళ్ళిపోయింది. కొత్తామె ఎండలు తగ్గాక గానీ రాదు. అందాకా ఉన్నవాళ్ళందర్నీ సోమ, బుధ, శుక్ర పొద్దుటే కూర్చోబెడుతున్నా."

"మా డెంజిల్ కూడా అప్పుడేగా."

"అప్పుడే." తెండాయి గొంతు ఇంకా తగ్గించింది. "నాకు తెలీదనుకోకు ఆంటీ. మా ఊళ్ళోనూ అల్లుడు అత్తకి చెయ్యి అందివ్వడు. దూరంగా కింద కూర్చుని చప్పట్లు కొట్టి దణ్ణం పెడతాడు. ఇంకో పూట ఉంటే నేనే మార్చేదాన్ని. మందపాటి తెర కడతా. పైనుంచి కిందిదాకా."

వదిన ఆ గది గుమ్మం దాకా వెళ్ళింది. లోపల ఎక్కడో టీవీలో ఆట నడుస్తోంది. ఎవరో బంతి వదిలేసినట్టున్నారు, డెంజిల్ పకపకా నవ్వాడు. ఆ నవ్వు వినపడగానే వదిన తలగుడ్డ మొహం మీదికి లాక్కుని, వెనక్కి తిరిగి, నడవా దాటి, బయట అంబులెన్సులు ఆగే నీడలో గోడకి చేరగిలబడింది.

"గుడ్డ ఉంటుందమ్మా మధ్యలో!" రోలీన్ కేకలేసింది. "ఈ కాలం కుర్రాళ్ళు అత్తలతో ఫోన్లో మాట్లాడుతున్నారు! చావే వస్తుందంటే మర్యాద పట్టుకుని కూర్చుంటావా?"

"వాళ్ళ అత్తల సంగతి నాకెందుకు?"

"చచ్చిపోతావే!"

"అరవకు, అతను వింటాడు." వదిన ఊపిరి తీసుకుంది. "సూది గుచ్చితే నేను మూలుగుతా. అతనూ మూలుగుతాడు. కళ్ళు తిరిగి కక్కుకుంటాం. ఆ నాలుగు గంటలూ అతను నన్ను వింటూ, నేనతన్ని వింటూ. రేపు అతను నలుగురిలో తల ఎక్కడ పెట్టుకుంటాడే? ఇరవయ్యేళ్ళు నీ మొగుడి మర్యాద నేను కాపాడా, నా మర్యాద అతను కాపాడాడు. ఆ మిషన్ కోసం ఇద్దరం గుడ్డలిప్పుకోవాలా?"

రోలీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. వదిన చెప్పింది నాకు అర్థమవుతోంది, అందుకే ఇంకా భయమేసింది.

ఆ తర్వాత ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. వదిన వసారాలో దిండ్లకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. రెండు మాటలు మాట్లాడితే ఆయాసం. ఓడ కూత వినిపిస్తే మాత్రం చెయ్యి ఎత్తి అటు చూపించేది. నేను మంచినీళ్ళ గ్లాసు దాచేసి, ఆమె పెదాలకి తడిగుడ్డ అద్దుతూ, లోపల లోపల తిట్టుకుంటున్నాను. ఎవర్ని తిట్టాలో తెలియక, గాలిని, దుమ్ముని, ఎండని.

అప్పుడు డెంజిల్ వంటింటి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, సోమవారం ఆవిణ్ణి తీసుకుపో. నేనా గదిలో ఉండను. నాకు కింది రేవు ఆస్పత్రిలో దొరికింది."

కింది రేవు దక్షిణాన ఉంది. పోను సగం పూట.

"మూడు రోజులూనా?"

"మూడు రోజులూ. కారేసుకుని పోతా, సాయంత్రానికి వచ్చేస్తా. నాకు మాత్రం ఏం పని?"

నమ్మాను. నమ్మకపోతే రెండో దారి లేదు. సోమవారం వదినని రోలీన్ ఆస్పత్రి బండిలో తీసుకెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు బండి కిటికీలోంచి వదిన చెయ్యి బయటికి పెట్టి ఊపుతూ వచ్చింది.

ఆ నెల మేమంతా బతికాం. క్రిస్మస్‌కి పిల్లలు ఎర్ర మట్టిలో బొర్లాడారు, నిప్పుల్లో రొట్టె కాల్చాం, రోలీన్ రొయ్యలు తెచ్చింది. మిషన్ కుర్చీలోంచి ఓడలు కనిపిస్తాయని వదిన తెగ సంబరపడింది. వచ్చి మాకు వార్తలు చెప్పేది. "పొద్దున ఒకటి ఖాళీగా వచ్చి బాతులా తేలుతోంది. నింపాక చూడు, నడుం దాకా మునిగింది. ఎక్కడికి పోతుందో మన కొండ దాని కడుపులో పెట్టుకుని." తర్వాత తనలో తనే, "పోయినా తిరిగొస్తుందిలే, మళ్ళీ ఖాళీ కడుపుతో," అని నవ్వేది.

డెంజిల్ మాత్రం ఇంట్లో కనపడటం తగ్గింది. పొద్దున్నే బూట్లేసుకుని పోయేవాడు, చీకటి పడే వేళకి వచ్చి తిన్నానని చెప్పేవాడు. మాంసం రావడం ఆగింది. బెల్టు మూడు రంధ్రాలు వదులు చేసుకున్నాడు. "తిండెక్కువైందమ్మా," అన్నాడు. అన్నం ముట్టని మనిషికి తిండెక్కువవడం ఏమిటని నాలో పురుగు తొలిచింది.

కొత్త ఏడు వచ్చాక ఒక బుధవారం సముద్రం బాగా వెనక్కి తీసింది. నేను గవ్వలకని మడ కాలువ వెంట నడుచుకుంటూ ఎప్పుడూ పోనంత దూరం పోయాను. పాత పడవల రేవు దాటాక మడ చెట్ల కింద మా కారు ఉంది. తలుపులు రెండూ తీసి ఉన్నాయి. డెంజిల్ సీటు వెనక్కి వాల్చి, కాళ్ళు డాష్‌బోర్డు మీద పెట్టుకుని, నోరు తెరిచి ఊపిరి లాగుతున్నాడు.

"ఏరా, కింది రేవు ఇక్కడికి నడిచొచ్చిందా?" అన్నాను.

వాడు లేవబోయి లేవలేకపోయాడు. "నువ్వింత దూరం నడుస్తావనుకోలేదమ్మా."

"ఎన్నాళ్ళుగా?"

"శుక్రవారం వెళ్తున్నానే. ఒట్టు. వాళ్ళు వారానికి ఒక్కటే ఇచ్చారు. బయటి ఊరివాళ్ళకి అంతేనట."

"మిగతా రెండు రోజులు?"

"నాకింకా కాస్తో కూస్తో ఒంటేలు వస్తుందిగా. ఆవిడకి చుక్క రాదు. ఇద్దరికీ కలిపి సరిపోతుందిలే." నవ్వబోయి దగ్గాడు.

నేను బురదలో మోకాళ్ళ మీద కూర్చుని వాడి బూటు లాగాను. రాలేదు. లేసులు కోసి లాగాను. కాలి మీద బొటనవేలితో నొక్కితే పిండిలో పడ్డట్టు గుంట పడింది, అలాగే ఉండిపోయింది. నేను కన్న కాలు అది.

"వదినకి చెప్పేస్తా."

"చెప్తే విమానం ఎక్కేస్తుంది."

"చెప్పకపోతే నువ్వు పోతావురా!"

వాడు సీటు పట్టుకుని కాస్త పైకి జరిగాడు. "ఇరవయ్యేళ్ళలో ఆవిడ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నా మీదా ఒక్క మాట మాట్లాడలేదు. జైల్లోంచి వచ్చిన రోజు గుర్తుందా? రోలీన్ తలుపేసుకుంది. నువ్వు కూడా నా మొహం చూడలేదు. ట్యాంకు దగ్గర నా కుర్చీలో వేడి రొట్టె గుడ్డలో చుట్టి ఉంది. ఎవరు పెట్టారో నేను అడగలేదు." ఊపిరి ఆగి ఆగి వచ్చింది. "కొత్త సిస్టర్ వచ్చేదాకానే అమ్మా. ఎండలు తగ్గేదాకా. నువ్వు చెప్పావంటే మాత్రం నేనా శుక్రవారం కూడా వెళ్ళను."

కోసేసిన బూటు చేత్తో పట్టుకుని ఇంటికొచ్చాను. దారి పొడుగునా నా కొడుకు ఊపిరి ఒక చెవిలో, వదిన ఊపిరి ఒక చెవిలో. ఉన్నది ఒక పూట. ఎవరో ఒకరు చెరువు మధ్యలో మునుగుతుంటే ఒడ్డున ఉన్న తల్లి అరుస్తుంది. నాకు అరిచే దారి కూడా లేదు. తెండాయికి ఫోన్ చేశాను. కొత్త సిస్టర్ సంగతి అడిగాను. "రోజూ అడుగుతున్నా ఆంటీ, రోజూ వచ్చే నెలంటున్నారు," అంది. వసారాలో వదిన బంగాళాదుంపలు తరుగుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. పక్కన కూర్చుని నేనూ తరిగాను. చెయ్యి తెగింది, ఉప్పు నీళ్ళకి మండుతోందని చెప్పి కళ్ళు తుడుచుకున్నాను.

వారం తిరగకముందే సముద్రంలో తుపాను పుట్టిందని రేడియోలో చెప్పారు. ఓడలన్నీ లంగరెత్తుకుని లోతు నీళ్ళలోకి పోతున్నాయి. గాలి ఇంకా రాలేదు, ఆకు కదలని ఉక్క. తెల్లవారుతుండగా వెనక వాకిట్లోంచి వదిన పిలిచింది.

"వదినా, ఇలా రా."

నీళ్ళ ట్యాంకుకీ గేటుకీ మధ్య మట్టిలో ఆమె చతికిలబడి కూర్చుని ఉంది. డెంజిల్ అప్పటికే వెళ్ళిపోయాడు. బూట్లు ఎక్కవు కదా, వట్టి కాళ్ళతో వెళ్ళాడు. ఎర్రమట్టి మీద ఆ అడుగులు అచ్చు గుద్దినట్టున్నాయి. మొహం ఎరగని మనిషికి ఎదురుపడకుండా తిరగాలంటే అతని అడుగులు చూసుకుంటూ తిరగాలి. ఇరవయ్యేళ్ళుగా నా కొడుకులో ఆమె చూసింది అవే.

వదిన ఒక అడుగు పక్కన అరచెయ్యి ఆనించింది. ముట్టుకోలేదు.

"వేళ్ళ మధ్య సందు లేదు. పాదం మధ్య వంపు లేదు, పూడిపోయింది. ఇదిగో, ఇక్కడ ఆగాడు, రెండు పాదాలూ పక్కపక్కన. నాలుగడుగులు వేసి మళ్ళీ ఆగాడు. ఈ కాళ్ళు నీళ్ళు మోస్తున్నాయి."

నేను గేటు వైపు చూస్తూ నిలబడ్డాను.

"అతను కింది రేవుకి వెళ్ళట్లేదు కదూ?"

నా నోరు తెరుచుకుంది. వదిన చెయ్యెత్తింది.

"నువ్వు చెప్పొద్దు. నువ్వు చెప్పలేదు, నేను చూశా." లేవడానికి నా భుజం పట్టుకుంది. "పోయి టీ పెట్టు. రెండు చెంచాల పంచదార వెయ్యి. ఆ నగరంలో తెల్ల నర్సు పిల్ల వెయ్యనివ్వదు."

టీ పెట్టాను. రెండు చెంచాలు వేశాను. స్టవ్ దగ్గర నిలబడి వంటింటి గుడ్డతో మొహం మూసుకున్నాను. నా కొడుకు బతుకుతాడని లోపలెక్కడో ఊరట లేచింది, దానికే నాకు ఏడుపొచ్చింది.

విమానాశ్రయం మూసేలోగా ఆఖరి విమానం మర్నాడు మధ్యాహ్నం. తల్లి బట్టలు రోలీన్ మడతపెట్టి మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది. డెంజిల్‌కి ఎవరు చెప్పారో నాకు తెలీదు. కంచె అవతల ముళ్ళగడ్డిలో పోయి, మా ఇంటికి వీపు పెట్టి నిలబడ్డాడు. గాలి లేచింది. వాడి చొక్కా వీపు మీద బుడగలా ఉబ్బుతోంది.

వదిన కారెక్కబోయి ఆగింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. ఇంటి పక్కగా నడిచి వెనక వాకిట్లోకి పోయింది. నేను వెంట వెళ్ళాను. ఆ ఇనుప కుర్చీ ఖాళీగా ట్యాంకు వైపు తిరిగి ఉంది. వదిన ఆ కుర్చీకీ ట్యాంకుకీ మధ్యన, కుర్చీకి ఎదురుగా నిలబడింది. మనిషెవరైనా అందులో ఉంటే వాళ్ళ కళ్ళలోకి చూసేంత దగ్గరగా. పాదాలు రెండూ పక్కపక్కన పెట్టి, తుంటి బరువంతా దింపి, మట్టిలోకి గట్టిగా నొక్కింది. తల వంచుకుంది. పెదాలు కదల్లేదు.

తర్వాత చెప్పులేసుకుని, వచ్చిన దారిన కాక ట్యాంకు చుట్టూ తిరిగి, ముందుకొచ్చి కారెక్కింది.

"మిషన్ ఎక్కే రోజు ఎగ్గొడితే కర్ర తీసుకొస్తానని చెప్పు, నీ కొడుక్కి," అంది నాతో. "నువ్వు విమానం దాకా రాకు. నీకు గుండె దడ."

కారు తలుపు మూసుకుంది. నేను చుట్టూ చూసుకున్నాను.

విమానం ఇంటి మీదుగా పోయిన చప్పుడు ఆగిపోయాక డెంజిల్ కంచె దాటి లోపలికొచ్చాడు. కుర్చీలో కూర్చోబోయి, కూర్చోలేదు. అక్కడే నిలబడి కిందికి చూస్తున్నాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను, పిలవలేదు. గాలికి మట్టి పొగలా లేస్తోంది. వాడు ఆ వాచిన కాళ్ళతో, ఆగి ఆగి, దండెం కింద బోర్లించి ఉన్న బట్టలుతికే రేకు తొట్టి దాకా నడిచాడు. దాన్ని మోసుకొచ్చి ఆమె అడుగుల మీద నెమ్మదిగా బోర్లించాడు. పైన రాళ్ళు పేర్చాడు. ఒక్కో రాయికీ ఆగి ఊపిరి తీసుకున్నాడు.

తుపాను మా వైపు రాలేదు. అంచు గాలి కొట్టి, కొన్ని రేకులు లేపి, ఉత్తరానికి పోయింది. సోమవారం వాడు తన కుర్చీకి వెళ్ళాడు, ఆ తర్వాత ఏ రోజూ ఎగ్గొట్టలేదు. కాళ్ళ వాపు తీసింది, బెల్టు మళ్ళీ బిగిసింది. వాకిట్లో తొట్టి అలాగే ఉంది. రోలీన్ బట్టలు బకెట్లో ఉతుక్కుంది.

చలి గాలులు మొదలయ్యాయి. తెండాయి తనే ఫోన్ చేసింది. "ఆంటీ! కొత్తామె వచ్చింది. రెండో పూట మొదలుపెట్టాం. మీ వదినని రమ్మను." రోలీన్ టికెట్టు కోసం ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. వదిన ఫోన్లో, "ఇటుకలకి మళ్ళీ చెప్పాలి కాబోలు సెలవు," అంది. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఆస్పత్రి వాళ్ళ తెల్ల కారు మా గేటు ముందు ఆగింది. తలుపు చప్పుడైంది. ఈసారి నేను చుట్టూ చూసుకోలేదు.

పోయిన మా వదిన పేరు ఇక మేం పలకం. ఇక్కడ రాయనిదీ అందుకే.

మాలో మనిషి పోతే ఆ మనిషి తిరిగిన నేలంతా కొమ్మలతో ఊడ్చి అడుగులు చెరిపేస్తారు. ఉంచితే అవి పట్టుకుని వెనక్కి వెనక్కి వస్తూంటుంది, పోవాల్సిన చోటికి పోలేదు. ఆ పని అల్లుడిది. డెంజిల్ పచ్చి కొమ్మ విరుచుకొచ్చి వసారా మెట్ల దగ్గర మొదలుపెట్టాడు. గేటు, కాలువ దారి, ఇంటి పక్క సందు. ట్యాంకు దగ్గరికి వచ్చి ఆగాడు.

"అమ్మా, నువ్వు లోపలికి పో."

పోయాను. తలుపు వేసుకున్నాను. రాళ్ళు ఒకటొకటిగా పక్కన పెట్టిన చప్పుడు వినిపించింది. రేకు నేల మీద గీసుకున్న చప్పుడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. టీ నీళ్ళు మరిగి, సగమై, నేను స్టవ్ ఆపేశాక కూడా లేదు.

చివరికి కొమ్మ నేలకి రాసుకోవడం మొదలైంది. మెల్లగా, ఒకే చోట, మళ్ళీ మళ్ళీ. అంత చిన్న చోటు ఊడ్వడానికి అంతసేపు పట్టదు.